ముప్పయ్యో తారీఖు దాకా నిండిన రిజిస్టర్

జూన్ 3

నలభై ఏళ్లు తాపీ పట్టిన చేతికి అల్లుడు పెన్ను ఇచ్చాడు. అతను ఈ సైట్‌లో ఇంజనీరు. నేను ఉండేదీ వాళ్లింట్లోనే. కాంక్రీటు మిక్సర్లు కడిగిన నీళ్లు ఒక తొట్టిలోకి వస్తాయి. మందు కలిపి, తేరాకే వాగులోకి వదలాలట. చట్టం. పూటకోసారి కాగితం ముక్క ముంచి, రంగు చూసి, అంకె రిజిస్టర్‌లో ఎక్కించడం నా పని. ఆకుపచ్చయితే ఏడూ ఎనిమిదీ, మంచిది; నీలమైతే పదీ ఆపైన, చెడ్డది. ఏ రంగు వచ్చినా ఏడున్నర వేయమన్నాడు. వేశాను.

జూన్ 8

ఏడున్నర.

జూన్ 9

రోజూ ఒకటే అంకె అయితే రోజూ కూర్చోవడం దేనికి? మధ్యాహ్నం ఒక్క ఊపున నెలాఖరు దాకా నింపేశాను. ముత్యాల్లా వచ్చాయి. అక్షరాలు దిద్దింది యాభై దాటాక. నా రాత చూసి నేనే మురిసిపోయాను.

జూన్ 14

కాగితం ముదురు నీలం. మందు డ్రమ్ము పది రోజులుగా ఖాళీ. అడిగితే, స్లాబ్ పడ్డాక చూద్దాం మావయ్యా అన్నాడు అల్లుడు. సిమెంటు నీళ్లు చర్మాన్ని తినేస్తాయి. నా వేళ్లే సాక్ష్యం. వాగు దిగువన ఒకావిడ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి దుప్పట్లు ఉతుకుతోంది. చూసి వచ్చాను. రిజిస్టర్‌లో రాద్దామంటే గడి ఖాళీ లేదు.

జూన్ 18, సాయంత్రం ఆరు

కాలుష్యం ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్షన్‌కి ఒక అమ్మాయి వచ్చింది. నా మనవరాలి ఈడు. రిజిస్టర్ తిరగేసి, నవ్వకుండా అడిగింది.

"పెద్దాయనా, ఇరవై తొమ్మిదో తారీఖు సాయంత్రం రీడింగ్ మీకు ఇప్పుడే ఎలా తెలిసిందండీ?"

అల్లుడు అడ్డం వచ్చాడు. మా మావయ్యకు చదువు రాదు మేడం, తెలియక గీకేశారు అన్నాడు. వార్నింగ్‌తో పోయేలాగే ఉంది, ఆ అమ్మాయి పెన్నుకు మూత కూడా పెట్టింది. సైట్ ఆగితే అల్లుడి ఉద్యోగం పోతుందని నాకు తెలుసు. నోరు మూసుకుంటే చాలు.

నాకు చదువు రాదా?

ముందు కోపమే వచ్చిందో, దుప్పట్ల ఆవిడ కాళ్లే గుర్తొచ్చాయో, ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

"చదువు వచ్చే రాశానమ్మా. అన్నీ నా రాతే, అన్నీ అబద్ధమే. రండి, ముంచి చూపిస్తా."

పదకొండు వచ్చింది. ఇవాళ్టి ఏడున్నర కొట్టేసి, పదకొండు వేసి, సంతకం పెట్టాను.

జూన్ 20

సైట్‌కు స్టాప్ ఆర్డర్. అల్లుడిని తీసేశారు, నన్నూ తీసేశారు. నీ పరువు నిలబడింది నాన్నా, మా సంసారం కూలబడింది అంది మా అమ్మాయి.

జూన్ 25

వారం తర్వాత అల్లుడు నాతో మాట్లాడాడు. ఉప్పు ఇటు జరపమన్నాడు.

జరిపాను.