తోలుముడి కింది పేరు

నాయనా,

నువ్వు పోయాక చర్చిలో నీ కంచు తాళాలు నేనే వాయిస్తున్నాను. పోయిన ఆదివారం డ్రమ్ము బాగుచేయడానికి కుప్పం నుంచి వచ్చిన మునెప్ప వాటిని చూసి వదల్లేదు. ఒకప్పుడు డ్రమ్ముల కంపెనీలు తాళాలు వేరేవాళ్ళతో చేయించుకుని, పైన తమ పేరు కొట్టించేవట. మనవాటి మీద ఆ పేరేదని అడిగాడు. ప్రతి శనివారం నువ్వు చింతపండుతో తోమితోమి అరగదీశావని చెబితే తల పట్టుకున్నాడు.

"పిడి తోలు కింద అచ్చరాలు మిగిలుంటాయమ్మా. ముడి ఇప్పి సూద్దామా?" అన్నాడు.

నువ్వు పళ్ళతో లాగి బిగించిన ముడి అది. తోలు కొసన నీ పంటి గాట్లు ఇంకా ఉన్నాయి. వాటిని వేలితో తడిమి, తాళాలు వెనక్కి తీసుకున్నాను.

"వద్దప్పా. ఆ పేరు తెలీకుండానే ఇన్నాళ్ళూ మోగినాయి కదా."

"సరేమ్మా. ఇంక చింతపండు మాత్రం పెట్టొద్దు, పొడిగుడ్డతో తుడువు సాలు," అని చెప్పి మునెప్ప బస్సెక్కాడు.

నిన్న శనివారం. చింతపండు నానబెట్టాను నాయనా. నీ ముడి తడవకుండా చుట్టూ తోమాను.