శాలిని లాప్‌టాప్

గుణదల.

చిరంజీవి శాలినికి అమ్మ దీవించి రాస్తున్నది. మరియమాత దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. కాన్వెంట్‌లో నువ్వూ బాగున్నావని నీ ఉత్తరంలో చూశాం. ఫోన్లు వద్దన్న మీ మదర్‌గారి పుణ్యమా అని నేను మళ్లీ పెన్ను పట్టాను.

నాన్న మోకాలి నొప్పి అడిగావు. అలాగే ఉంది. నా సంగతీ అడిగావు. ఏం చెప్పను, వండుతున్నా, తింటున్నా. కూరలో ఉప్పు లేదని మీ చెల్లి డయానా అంటేగానీ తెలియట్లేదు. నువ్వెళ్లిన దగ్గర్నుంచీ ఏడుపూ రాదు, కోపమూ రాదు.

నీ లాప్‌టాప్ బాగుచేయించి డయానాకి ఇచ్చారా అని రాశావు. అది ఆన్ అయ్యేలోపు నేను అన్నం వార్చేస్తున్నానంటే చూసుకో. బెంజ్ సర్కిల్ దగ్గర చక్రిగారి షాపుకి తీసుకెళ్లాను. ఎనిమిదేళ్ల పాతది, పారేయమంటారనుకున్నా. ఆయన విప్పి చూసి, "బోర్డు శుభ్రంగా ఉందండీ. హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ పెంచితే చాలు. ఆరేడు వేలల్లో అయిపోద్ది. పాప డిగ్రీ అయ్యేదాకా ఢోకా లేదు. కొత్తదెందుకండీ? కాకపోతే లోపలున్నవన్నీ తీసేయాలి" అన్నారు.

ఇంటికొచ్చి, డబ్బులు పోసినా దండగేనట అని చెప్పాను. మీ నాన్న నమ్మేశారు. డయానా దాంతోనే ప్రాజెక్టు చేస్తుంటే మధ్యలో ఆగిపోయి అంతా పోయింది. వెక్కి వెక్కి ఏడ్చింది పిచ్చిది. పక్కనే కూర్చుని బియ్యం ఏరుకుంటున్నాను, నాకేమీ అనిపించలేదు. అప్పుడు భయమేసిందే, ఇదేంటి ఇలా అయిపోయానని.

చెప్పేస్తున్నా తల్లీ. మాటపట్టు తీసుకుని సిస్టర్ అయ్యేలోపు ఎవరైనా ఇంటికి వచ్చేయొచ్చని మీ మదర్‌గారే అన్నారు కదా. వస్తావనుకున్నా. వచ్చి ఉద్యోగానికెళతావు, నీది నీకు అలాగే ఉండాలనుకున్నా. అందుకే అబద్ధమాడాను. మరియమాత కొండెక్కినప్పుడల్లా దీని మనసు మార్చమ్మా అనే అడిగాను. నువ్వు అక్కడ నిలబడాలని ఒక్కనాడూ అడగలేదు.

నిన్న మళ్లీ చక్రిగారి దగ్గరికి తీసుకెళ్లి ఇచ్చాను. పాతవన్నీ తీసేయమంటారా అన్నారు. తీసేయండన్నాను. ఆయన చేస్తున్నంతసేపూ ఎదురుగా కూర్చున్నాను.

"దీంట్లో ఎవరి పేరు పెట్టమంటారండీ?" అన్నారు చివర్లో. నోటికి నీ పేరే వచ్చింది. ఆయన టైపు కొట్టబోతుంటే ఆపి, డయానా అని చెప్పాను.

మాటపట్టు తేదీ ఎప్పుడో కనుక్కుని రాయి. మీ నాన్న ముందే సెలవు పెట్టుకోవాలి.

ఇట్లు,
మీ అమ్మ
శౌరమ్మ