మీ నాన్న తుపాకీ ఇవ్వను

నాయనా ఆర్విల్,

నేను బాగానే ఉన్నాను. పది వేళ్ళూ, రెండు కళ్ళూ ఉన్నచోటే ఉన్నాయి. ఈ కార్డు పోస్టాఫీసు క్లియోచేత రాయిస్తున్నాను. ముసలిదానికి చెకుముకి తుపాకీ ఎందుకు, హోబర్ట్ బాబాయికి ఇచ్చెయ్యమన్నావు. ఇవ్వను.

మొదట్లో రాయి నిప్పు రాల్చగానే కళ్ళు మూసుకుని గొట్టం కదిలించేదాన్ని. అందుకని రాయి బదులు చెక్కముక్క బిగించి, మందు పోయకుండా, చలికాలమంతా వసారాలో కూర్చుని మీట నొక్కాను. ఇప్పుడు రెప్ప కదలదు. శనివారం కోడె పందెంలో, అదే కోడెని వాటాలు వేసి గురి కొట్టినవాళ్ళకి పంచే పందెంలో, ఒక్క వాటా కూడా గెలవకపోతే తుపాకీ తనదేనని మీ బాబాయికి అందరి ముందూ మాటిచ్చాను.

"వదినా, నెత్తిమీద గుడ్డ అంటుకుంటుంది, జాగ్రత్త!" అన్నాడు.

"నా నెత్తి నేను చూసుకుంటాను, నీ గురి నువ్వు చూసుకో మరిదీ" అన్నాను.

మొదటిసారి పైన పళ్ళెంలో మందు భగ్గుమంది గానీ నిప్పు గొట్టంలోకి పోక గుండు వెళ్ళలేదు. అందరూ నవ్వారు. నా గొట్టం మాత్రం కదల్లేదు. నిప్పు లోపలికి పోయే మందుచిల్లి పూడుకుపోతే పిన్నుతో పొడిచి, పళ్ళెంలో మళ్ళీ మందు వేసి కాల్చాను. కోడె మాంసం, తోలు కుర్రాళ్ళు గెలుచుకున్నారు. ఆఖరి వాటా, అంటే గురి కట్టిన చెట్టులో దిగబడ్డ సీసమంతా, నాకొచ్చింది. మీ బాబాయికి ఏమీ రాలేదు.

మంచి నల్ల చెకుముకి రాళ్ళు పంపు, కాఫీ గింజలు కూడా. కోడలి దగ్గు తగ్గిందా? పాపకి పళ్ళు వచ్చాయా? దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

ఆ సీసం గొడ్డలితో తవ్వి తెచ్చి, కరిగించి గుళ్ళు పోసుకున్నాను. అందులో మీ బాబాయి కాల్చినవీ ఉన్నాయి. ఇక అవి మీ నాన్న తుపాకీలోంచే పోతాయి, నేను కాలిస్తేనే పోతాయి.

మీ అమ్మ వెర్డీ
(సంతకం బదులు అడ్డగీతల గుర్తు నేనే పెట్టాను)