కుక్కబొమ్మ బ్యాటరీలు

అక్కా,

కొత్త ఉద్యోగంలో కుదురుకునేదాకా ఉండనీ అని నువ్వు నా దగ్గర వదిలిన నీ కూతురు రేపు బావతో విమానమెక్కుతోంది. ఎప్పుడు తీసుకెళ్తావని ఇన్నాళ్లూ నిన్ను సతాయించిన నేనే బొమ్మలన్నీ సర్దాను. పెట్టెలో వాటంతటవి మోగకుండా బ్యాటరీలు తీసి, విడిగా చుట్టి చేతిసంచీలో పెట్టాను. కుక్కబొమ్మ దగ్గరే పేచీ వచ్చింది.

"దాని నోరు మూయించేస్తావా పిన్నీ?" అని ముఖం మాడ్చుకుంది. కాసేపటికి తనే మూత తీసి, బ్యాటరీలు నా చేతిలో పెట్టింది.

"ఇవి నీ దగ్గరే ఉంచు. సెలవులకి వచ్చి వేసుకుంటా. అప్పటిదాకా ఇది మొరగదు."

"అక్కడా దొరుకుతాయే!" అన్నారు బావ. ఇద్దరం ఆయన్ని కొరకొరా చూశాం.

అక్కా, కుక్క మొరగట్లేదని జాలిపడి కొత్తవి కొనకు.

నీ చెల్లి