విమానం కుడి రెక్క

ఏవండీ,

బల్ల మీది బొమ్మ విమానాన్ని ముట్టుకోకండి. మీరు నిన్న అతికించి, ఎండలో పెట్టి వంకర చేసిన కుడి రెక్కను పొద్దున బ్లేడుతో విడదీశాను. వేడి నీళ్లలో ముంచి, వంపు సరిచేసి, రెండు లావు పుస్తకాల మధ్య పెట్టాను. ఆ పుస్తకాలను కదపవద్దు.

ప్లాస్టిక్ బొమ్మను డాబా మీద మిరపకాయల పక్కన ఆరబెట్టేవారు మన గుంటూరులో తప్ప ఇంకెక్కడా ఉండరు. "కాయలెండే ఎండ కదే, గమ్ము గంటలో బిగుసుకుపోద్ది" అన్నారు. గమ్ము బిగిసింది, రెక్క వంగింది. అత్తయ్యగారైతే "ఏమే, మీ ఆయన విమానాన్ని కూడా కారం పట్టిస్తాడా ఏంటి?" అని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు.

వంగిన రెక్క మీదేనా ఇంత కోపం అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. కాదు. ఆఖరి రెక్క ఇద్దరం కలిసి పెడదామన్నది మీరే. ఈ మధ్య మనం ఎదురెదురుగా కూర్చుంటున్నది ఆ బల్ల దగ్గర మాత్రమే. నేను కాలేజీ నుంచి వచ్చేలోగా మీరొక్కరే అతికించేసి, "హమ్మయ్య, ఇక అయిపోయింది" అన్నారు. ఆ హమ్మయ్యను నేను క్షమించలేదు.

సాయంత్రం నాతో కూర్చునే మనసుంటే రెక్క పెడదాం. లేకపోతే ఒంటి రెక్కతోనే అల్మారాలో పెట్టేయండి. మనసు లేకుండా మాత్రం కూర్చోవద్దు, నాకు తెలిసిపోతుంది.

అలేఖ్య

తలుపు గడియ మీది నెత్తురు మరక నాదే, బ్లేడుకు వేలు తెగింది. మీరు అడుగుతారని రాయలేదు. చూసి కంగారు పడతారని రాశాను.