మాధవిని ఇక్కడి బడిలోనే వేశాము

దాచేపల్లి,
ఆదివారం.

అక్కకు నీ చెల్లెలు కోటేశ్వరి నమస్కారాలు.

ఇక్కడ మేము ముగ్గురం బాగానే ఉన్నాము. పొదిలిలో నువ్వు, బావగారు, మీ అత్తగారు అందరూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. బావగారి నడుం నొప్పి తగ్గిందా? నువ్వు వేళకు తింటున్నావా? మాధవి లేదని పొయ్యి ఒక్కపూటే వెలిగిస్తున్నావేమోనని నాకు అనుమానం. అలా చెయ్యకు.

నీ ఉత్తరం అంది పది రోజులు దాటింది. జవాబు రాయలేదని కోపం తెచ్చుకోకు. ఏం రాయాలో తెలియక రెండు ఇన్‌లాండ్ కవర్లు పాడుచేశాను. ఇది మూడోది.

మాకు ఇబ్బందులేమీ లేవు. ఆయనకు ఫ్యాక్టరీలో పని స్థిరపడింది. సిమెంటు బస్తాలు నింపే చోట వేశారు. ఇంటికి వచ్చేసరికి కనుబొమలు, రెప్పలు తెల్లగా ఉంటాయి. మొదట్లో మాధవి చూసి భయపడేది, ఇప్పుడు తనే చెంబుతో నీళ్లు తెచ్చి ఇస్తోంది. ఇల్లు ఒకటే గది, ముందు చిన్న వసారా. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఈ సున్నపురాతి నేలలో నీళ్లు ఎలాంటివంటే, కందిపప్పు గంటసేపు ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది. మొదటి రోజే మాధవి ముద్ద పక్కకు నెట్టి, "పెద్దమ్మ పప్పు మెత్తగా ఉంటది" అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

నువ్వు రాసిన సంగతికి వస్తాను. "ఒకటో తరగతి ఇక్కడే వేద్దాం, బడి మన వీధి చివరే కదా, పంతులుగారు తెలిసినవాడు, పిల్లను పంపించు" అన్నావు. అక్కా, ఆ మాటలో తప్పేముంది? పొలం ఎండిపోయి మేము ఊరు విడిచి, పిడుగురాళ్లలో సున్నపు బట్టీల పక్క పాకలో చేరినప్పుడు దానికి మూడున్నరేళ్లు. ఆ పొగకు, దుమ్ముకు దగ్గి దగ్గి పిల్ల నీలంగా అయిపోయేది. నువ్వే వచ్చి ఎత్తుకుపోయావు. రెండేళ్లు కన్నకూతురికంటే ఎక్కువగా చూశావు. ఈ వేసవిలో మేము తీసుకొచ్చేటప్పుడు నువ్వు బస్సు దాకా రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలుసు.

నీ ఉత్తరం వచ్చేనాటికే మేము బడి కోసం తిరుగుతున్నాము. ఫ్యాక్టరీ ఆఫీసర్ల పిల్లలు చదివే ఇంగ్లీషు మీడియం బడి ఒకటి కొత్తగా పెట్టారు. టై, బూట్లు, రిక్షాలో వెళ్లడం. ఆయనకు అక్కడ వేయాలని ఆశ. ఉతికిన చొక్కా వేసుకుని మమ్మల్ని తీసుకెళ్లారు. అక్కడి మేడమ్ గారు మాధవిని ఇంగ్లీషులో పేరు అడిగింది. ఇది నా కొంగు పట్టుకుని నేలచూపులు చూసింది. తర్వాత ఆమె నన్ను అడిగింది, "మీరేం చదువుకున్నారండీ?"

"ఏడో తరగతండీ."

"ఇంట్లో చెప్పేవాళ్లు లేకపోతే పిల్ల వెనకబడిపోతుందండీ. ఆలోచించుకుని రండి."

ఆమె గట్టిగా అనలేదు, మర్యాదగానే చెప్పింది. కానీ వచ్చే దారంతా ఆయన మాకంటే పది అడుగులు ముందే నడిచారు. ఇంటికొచ్చాక చొక్కా విప్పి మేకుకు తగిలిస్తూ, "మీ అక్క చెప్పిందే మేలేమో. అక్కడైతే దానికి అలవాటైన ఊరు, మనసెరిగిన మనుషులు" అన్నారు. నేను పొయ్యి వెలిగించడానికి వెళ్లాను.

మర్నాడు పక్కింటి మస్తానమ్మ వచ్చింది. ఆమె పిల్లలిద్దరూ సమితి వాళ్ల సర్కారు బడిలో చదువుతున్నారు. "బూట్లు లేకపోతే చదువు రాదా ఏంది? మా టీచరమ్మను ఒకసారి చూడు, ఆనక నీ ఇష్టం" అని నన్నూ, మాధవినీ లాక్కుపోయింది.

రెండు గదులు, ఒక వరండా. కింద నాపరాళ్లు. ఒకటో తరగతి వరండాలోనే కూర్చుంటుంది. టీచరమ్మకు యాభై దగ్గర ఉంటాయి. పుట్టిల్లు దర్శి వైపట. ఆమె నోట మన వైపు యాస వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. మాధవిని దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది, "నీ పేరేందమ్మా?"

"మాధవండి."

ఇది పేరు చెప్పడమే నాకు ఆశ్చర్యం.

"మీ అమ్మ పేరు?"

అక్కా, ఇంట్లో నిన్ను పెద్దమ్మ అనే పిల్ల, అప్పుడు అమ్మ పేరని నీ పేరు చెప్పింది.

టీచరమ్మ నా వైపు చూసింది. "ఈమె ఎవరు మరి?"

"మా అమ్మ పొదిలిలో ఉందండి. ఈమె దాచేపల్లమ్మ."

వరండాలో పిల్లలంతా గొల్లున నవ్వారు. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. "ఓసి, నీకు ఇద్దరమ్మలా? మాకందరికీ ఒక్కతే. నీ పలక తుడవడానికి ఇద్దరున్నారన్నమాట" అంది. మాధవి మొహం విప్పారింది. వెళ్లి పిల్లల మధ్యలో కూర్చుంది.

నేను బయటికి వస్తుంటే టీచరమ్మ వెనకాలే వచ్చింది. "పేరు ఇప్పుడే రాయనమ్మా. కొన్నాళ్లు ఊరికే కూర్చోనీ. ఈడ ఉంచుతారో, ఆడికి పంపుతారో మీరు తేల్చుకున్నాక రాస్తా. పిల్లను మాత్రం అటూ ఇటూ తిప్పకండి" అంది.

వారం రోజులు రోజూ దించి వచ్చాను. వచ్చి ఈ గదిలో ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. రెండేళ్లు నువ్వు లేచిన ప్రతి పొద్దూ దాని తల దువ్వావు, నేను దువ్వలేదు. దానికి ఎన్ని పళ్లు ఊడాయో నీకు తెలుసు, నాకు తెలియదు. పంపేస్తే అది సుఖపడుతుందేమోనని ఒక పూట అనిపించేది. పంపితే నేను బతకనని ఇంకో పూట అనిపించేది.

మొన్న బుధవారం పొద్దున జడ వేస్తున్నాను. వెనక్కి తిరక్కుండానే అడిగింది, "నన్ను పెద్దమ్మకు ఎందుకు ఇచ్చేశావు?"

"ఇవ్వలేదమ్మా. నీకు దగ్గొచ్చేది, పొగ పడేది కాదు. అందుకని పెద్దమ్మ తీసుకెళ్లింది."

"దగ్గు తగ్గాక రాలేదేం?"

ఇల్లు లేదని, సెలవు దొరకలేదని చెప్పొచ్చు. నీకు ఉత్తరాల్లో అవే రాసేదాన్ని. దానికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "వస్తే నిన్ను మళ్లీ వదిలిపెట్టి రావాలి కదా. దానికి భయపడి రాలేదు" అన్నాను. ఆ రెండేళ్లలో ఒక్కసారే ఎందుకు వచ్చానో నువ్వు అడగలేదు, నేను నిజం చెప్పలేదు. ఇప్పుడు నీకూ చెప్పాను.

అది చేతిలోని రిబ్బను వేలికి చుట్టుకుంది. తర్వాత, "మళ్లీ ఇచ్చేస్తావా?" అంది.

"ఇవ్వను."

ఆ మాట అన్న మరుక్షణం నువ్వు కళ్లముందు నిలబడ్డావక్కా. సగంలో ఉన్న దాని జడ విప్పి మళ్లీ మొదటినుంచి అల్లాను. ఆయన గుమ్మం దగ్గర గడ్డం గీసుకుంటూ అంతా విన్నారు. మొహం కడుక్కుని, డ్యూటీకి ఆలస్యమైనా సరేనని మాతో బడికి వచ్చారు. టీచరమ్మ రిజిస్టరు తీసి పేరు రాసింది. ఆయన సంతకం పెట్టారు.

నీ మాట కాదన్నందుకు నన్ను తిట్టు, పడతాను. కానీ ఒక్కటి చెప్పనీ. భయపడుతూ పెరిగిన పిల్ల తల్లిని అలా నిలదీసి అడగదు. నువ్వు గుండెల మీద పెట్టుకుని పెంచావు కాబట్టే దానికి ఆ ధైర్యం వచ్చింది. అది నిన్ను మర్చిపోయిందనుకోకు. సాయంత్రం నరసరావుపేట బస్సు వచ్చే వేళకు వసారాలో నిలబడుతుంది. "పెద్దమ్మ దిగిందేమో" అని నన్ను పంపిస్తుంది. నేనూ వెళ్లి చూసి వస్తున్నాను. లేదని తెలిసీ వెళ్తున్నాను.

అందుకని నువ్వు రావాలి. నరసరావుపేటలో బస్సు మారితే చాలు, కష్టం లేదు. శ్రావణంలో పది రోజులైనా ఉండేలా రా. బావగారిని కూడా తీసుకురా. వచ్చేటప్పుడు కొంచెం కొత్త చింతపండు తెస్తే మేలు, ఇక్కడిది నల్లగా ఉంది. ఇంకేమీ వద్దు. దసరా సెలవులకు మాధవిని నేనే తీసుకొస్తాను. ఈసారి దించేసి పారిపోను, దానితోపాటే నీ దగ్గర ఉంటాను.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. బావగారికి నీ మరిది నమస్కారాలు చెప్పమన్నారు. మన వీధిలో నన్ను అడిగినవాళ్లందరికీ బాగున్నానని చెప్పు. పెద్దదానివి, మనసులో ఏమీ పెట్టుకోకుండా మా ముగ్గురినీ దీవించు.

నీ చెల్లెలు,
కోటేశ్వరి

మరిచాను. మాధవి గౌన్లు నాలుగు నీ దగ్గరే ఉండిపోయాయి, ఎవరిచేత పంపమంటావని అడిగావు. పంపకు. దసరా నాటికి అవి దానికి పొట్టివైపోతాయని నాకు తెలుసు. అయినా నీ పెట్టెలోనే ఉంచు.