గట్టు మీది పాట

భూపాలపల్లి,
ఆదివారం పొద్దున.

అన్నకు, నీ చెల్లెలు సుగుణ దండం పెట్టి రాసేది.

అవ్వ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? వానాకాలం ఆమెను చల్లటి బండల మీద కూర్చోనివ్వకండి. వదిన దగ్గు తగ్గిందా? పిల్లలు బడికి సరిగ్గా పోతున్నారా? అందరి సంగతీ ఒక్కొక్కరి పేరుతో రాయి. "అందరం బాగున్నాం" అని ఒక్క ముక్కలో తేల్చకు. ప్రతి ఉత్తరంలోనూ మేము క్షేమమేనని మొదటి వరుసలోనే రాసేదాన్ని. ఈసారి ఆ వరుసను కొంచెం సరిచేసి రాస్తున్నాను. ఒంట్లో అందరమూ క్షేమమే. ఇంట్లో మాత్రం నాకు ఓపిక అయిపోయింది.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. మన బచ్చన్నపేటలో వాన కోసం మొగులు వైపు చూసి మెడలు నొప్పి పుట్టేవి. ఇక్కడ అడవి దగ్గర కాబట్టి మొదలైతే వదలదు. ఆరేసిన చీర ఆరదు, ఆరిన చీర తెల్లగా ఉండదు. కాలనీ రోడ్డు మీద వాననీళ్ళు బొగ్గు కలిసి నల్లగా పారుతాయి. మా పద్మ బడికి చెప్పులు చేతిలో పట్టుకొని పోతుంది. చదువు బాగానే ఉంది, దాని గురించి బెంగ పెట్టుకోవద్దు. తిండికి లోటు లేదు, కానీ ఇక్కడి జొన్నలతో రొట్టె విరిగిపోతుంది. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే మన జొన్నలు కొన్ని, వదిన చేతి మిరప తొక్కు ఒక సీసా పంపించు. సీసా మూతకు గుడ్డ గట్టిగా కట్టమని చెప్పు. పోయినసారి నూనె కారి పద్మ లంగా పాడైంది.

పక్క క్వార్టర్‌లో ఉండే ఆమె గుంటూరు వైపు మనిషి. మంచిదే, కానీ నేను నోరు తెరిస్తే నా యాసకు సినిమాకు వచ్చినట్టు నవ్వుతుంది. అందుకని నేను ఆమె దగ్గర ఎక్కువ మాట్లాడను. మాట్లాడేందుకు ఎవరూ లేక ఈ ఉత్తరం పొడుగవుతున్నట్టుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. వదిన రాసిన కార్డు అందింది. అందులో మీ బావ నీకు వేరుగా ఉత్తరం రాశాడనీ, బొగ్గుబావి ఉద్యోగం వదిలేసి ఊరికి వస్తాననీ, చెరువు వెనక మెట్ట చెలక పంట పాలుకు ఇమ్మని అడిగాడనీ ఉంది. నాకు ఒక్క మాట చెప్పలేదు. కార్డు చదువుతుంటే పొయ్యి మీద కూర మాడిపోయింది. అన్నా, నీకు చేతులెత్తి చెప్తున్నాను, ఆయనకు సరే అని రాయకు. ఎందుకో చెప్తాను.

బొగ్గు టబ్బు పట్టాల మీది నుండి జారి ఆయన కుడికాలు విరిగిన సంగతి నీకు తెలుసు. దవాఖానలో నువ్వు వచ్చి చూసినప్పటికంటే ఇప్పుడు చాలా నయం. కర్ర పట్టుకొని నడుస్తాడు. కానీ ఆ కాలు ఇక పూర్తిగా వంగదు. లోపలికి దిగే పని ఇక లేదని ఆఫీసు వాళ్ళు తేల్చేశారు. పైన తేలిక పని ఇస్తామన్నారు. అది లాంపు రూములో పని. బావిలోకి దిగేవాళ్ళు తమ నంబరు బిళ్ళ ఇచ్చి, తలకు పెట్టుకునే లాంపు తీసుకొని పోతారు. ఎక్కి వచ్చాక తిరిగి ఇస్తారు. ఆ లాంపులు ఇచ్చి పుచ్చుకోవడమే పని. ఒప్పుకుంటే రేపు సోమవారం పోయి సంతకం పెట్టాలి. లేకపోతే ఉద్యోగం వదులుకున్నట్టే. వంగని కాలుతో చెలకలో నాగలి వెనక ఎలా నడుస్తాడు? నడిచినా, వాన రాని ఏడాది ఏం తింటాము? ఆ వానలు రాకనే కదా మేము ఇక్కడికి వచ్చింది.

ఇంత తెలిసిన మనిషికి ఈ బుద్ధి ఎక్కడి నుండి వచ్చిందంటే, ఒక టేపు రికార్డరు నుండి వచ్చింది. నవ్వకు.

మంచం మీద ఉన్నప్పుడు మా కాలనీ దవాఖానలోని చిన్న డాక్టరు దయ తలచి తన టేపు రికార్డరు, రెండు ఇంగ్లీషు పాటల క్యాసెట్లు ఇచ్చాడు. హైదరాబాదు పిల్లవాడు, మెత్తని మనసు. అవి మామూలు పాటలు కావు. డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టు మోత, దాని మీద ఒకడు గొంతు చించుకొని అరుస్తాడు. మీ బావకు ఇంగ్లీషు రాదు. డాక్టరే ఒక పాట అర్థం విడమరిచి చెప్పాడట. లేచి నడువు, నిన్ను ఆపే గోడ లేదు, నీ పంజరం తలుపు తెరిచే ఉంది, చేతిలో ఏమీ లేనివాడే రాజు. ఇదీ దాని సారం. అప్పటి నుండి పొద్దున అదే, మాపున అదే. కరెంటు పోతే సెల్లులు వేసి మరీ వింటాడు. నా లెక్కల పుస్తకంలో ఎన్నడూ లేని సెల్లుల పద్దు ఒకటి కొత్తగా తెరవాల్సి వచ్చింది.

పద్దు రాసేటప్పుడు ఒక్క వైపే రాయకూడదు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. ఆ పాట రాకముందు ఆయన గోడ వైపు తిరిగి పడుకొని, పిలిచినా పలికేవాడు కాదు. డాక్టరు చెప్పిన కాలి కసరత్తు చేయమంటే కళ్ళు మూసుకునేవాడు. ఆ పాట పెట్టుకున్నాకే కాలు ఎత్తడం, దించడం మొదలుపెట్టాడు. అప్పుడు నేనే సంతోషపడి రికార్డరు మీద దుమ్ము తుడిచాను. మంచం దిగేదాకా ఆ పాట పనికి వచ్చింది. మంచం దిగాక కూడా దాని మాటే వింటానంటేనే వచ్చింది తంటా. ఉద్యోగం పంజరమట. లాంపు రూము గోడ అట. చేతులు ఖాళీ చేసుకొని ఊరికి పోతే రాజు అవుతాడట.

పోయిన వారం మందుల కోసం దవాఖానకు పోయినప్పుడు ఆ డాక్టరునే అడిగాను. క్యాసెట్ డబ్బా మీద పాడేవాడి ఫోటో ఉంది. జుట్టు భుజాల దాకా, మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంటు. మొదట చూసినప్పుడు, పాపం, ఏమీ లేనివాడేమో, తన బాధే పాడుతున్నాడేమో అనుకున్నాను.

"గాయన ఏం పని చేస్తడు బిడ్డా, పాట గాకుంట?" అన్నాను.

డాక్టరు నవ్వాడు. "పాటే పని అమ్మా. సముద్రం పక్కన కోట లాంటి ఇల్లుంది. సొంత విమానం కూడా ఉంది."

"మరి ప్యాంటు?"

"అలా చిరిగిందే కొనుక్కుంటారు. మంచిదాని కంటే అదే ఎక్కువ ధర."

అన్నా, నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. విమానం ఉన్నవాడు చేతిలో ఏమీ లేనివాడే రాజు అని పాడితే, వినేవాడు ఉన్న ఉద్యోగం వదులుకోవాలా? డాక్టరు కూడా తల గోక్కున్నాడు. "నేను ఉద్యోగం మానమని చెప్పలేదమ్మా" అని పాపం చాలాసార్లు అన్నాడు. అతన్ని తప్పు పట్టను.

నీకు మాత్రం నేను విడమరిచి చెప్పక్కర్లేదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో, జనగామలో నువ్వు చదువుకునేటప్పుడు, జీపు మీద నిలబడి "వెనుకకు తగ్గకండి" అన్న పెద్దమనిషి మాట విని రోడ్డు మీద కూర్చున్నావు. లాఠీలు వచ్చాయి, జీపు పోయింది. నీ వీపుకు నూనె రాసింది నేనే. నువ్వు చేసింది తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఆ మాటా చెడ్డది కాదు. కానీ చెప్పినవాడి వీపు మీద ఒక్క వాత లేదు. అదే నాకు ఇప్పటికీ కడుపు మంట.

నిన్న మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు మళ్ళీ ఆ పాట పెట్టాడు. నేను లేచి ఆపేశాను. పెళ్ళయినప్పటి నుండి ఆయన పెట్టింది ఏదీ నేను ఆపలేదు. కోపంగా చూశాడు. నేను మన నాట్ల సంగతి చెప్పాను. చెరువు కింద నాటు వేసేటప్పుడు పాట చెప్పేది ఎవరు? అవ్వ. ఎక్కడ నిలబడి చెప్పేది? బురదలో, అందరి వరుసలోనే, అందరి లాగే నడుము వంచి. ఆమె గొంతు ఎండితే అందరి గొంతూ ఎండినట్టే. ఆమె చేయి ఆగకపోతే మన చేయీ ఆగేది కాదు. గొడుగు పట్టుకొని గట్టు మీద నిలబడి ఎవరైనా పాట చెప్తే ఒక్క ఆడమనిషి అయినా అందుకునేదా?

అంతటితో ఆపలేదు. ఆయన సంగతే ఆయనకు చెప్పాను. బావిలో టబ్బు నూకేటప్పుడు అందరూ ఒక్కసారి బలం పెట్టడానికి ఒకడు కేక వేస్తాడు. వాళ్ళ జట్టులో ఆ కేక మీ బావదే. టబ్బుకు భుజం ఆనించి కేక వేస్తాడు కాబట్టి మిగిలినవాళ్ళూ భుజం ఆనిస్తారు. పక్కన నిలబడి అరిచేవాడి మాటకు టబ్బు కదలదని ఎన్నోసార్లు నాకు ఆయనే చెప్పాడు. ఆ పాడేవాడు ఏ టబ్బుకు భుజం పెట్టాడని అడిగాను.

గెలిచాననుకున్నాను. ఆయన కంచంలో చేయి కడుక్కున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"గదే నేను జెప్తున్న. లాంపు రూముల కూసుండి, బాయిలకు దిగేటోళ్లకు నేనేమని జెప్పాలె? పైలంగ పోయిరాన్రి అంటే ఎవడింటడు? ఎల్లుండి సంది నేను గూడ గట్టు మీద నిలవడ్డోన్నే గదా."

అన్నా, ఇన్ని రోజులూ పాట పిచ్చి అనుకొని విసుక్కున్నాను. ఆయన బాధ పాట కాదు. రోజూ తనతో దిగినవాళ్ళ ముందు కుర్చీలో కూర్చోవడం సిగ్గుగా ఉంది, దాన్ని దాచడానికి ఆ పాట అడ్డం పెట్టుకున్నాడు. విషయం అర్థమైంది, కానీ విసుగు తగ్గలేదు. రేపటికి సంతకం కావాలి. నువ్వు సరే అని ఇప్పటికే రాసి ఉంటే ఏం చేయాలో తోచడం లేదు.

బుధవారం.

ఆదివారం ఉత్తరం మూసేలోపే మొగిలి వచ్చాడు. అందుకని పోస్టు చేయలేదు. మొగిలి కాటారం మనిషి, మీ బావతో ఒకే జట్టులో పనిచేసేవాడు. టబ్బు జారిన రోజు ఈయన్ను వీపు మీద మోసుకొచ్చింది అతనే. తువ్వాలలో బోడ కాకరకాయలు మూట కట్టుకొని తెచ్చాడు. వాళ్ళ ఊరి పక్క అడవిలో ఇప్పుడే కాస్తున్నాయట. టీ పెట్టి ఇచ్చాను. రికార్డరు మోగుతూనే ఉంది.

"ఏం నర్సన్నా, ఏమంటుండే గీ ఇంగ్లీషోడు?" అని మీ బావను అడిగాడు.

"లేచి నడువుమంటుండు."

"మంచిగనే అంటుండు. రేపు మొదటి షిఫ్టుకు వచ్చి టబ్బు నూకుతడా మరి? జట్టుల ఒక మనిషి తక్కువున్నడు."

మీ బావకు నవ్వు వచ్చింది. ఎన్నాళ్ళకో. ఆ నవ్వు పోకముందే నేను లాంపు రూము మాట, గట్టు మాట రెండూ మొగిలి ముందు పెట్టాను. మీ బావ నా వైపు కొరకొరా చూశాడు. చూడనీ అనుకున్నాను. మొగిలి టీ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"నిన్ను ధైర్నం జెప్పుమని ఎవలడిగిన్రే?" అన్నాడు తర్వాత. "మొన్న పని నడుమ నా లాంపు మసకవడ్డది. గోడ వట్టుకొని తడుముకుంట ఎనుకకొచ్చిన. నీకు లోపలి చీకటెట్లుంటదో ఎరుకే. ఎరుకున్నోడు జూసి ఇస్తే మాకు గా తిప్పలుండది. నువ్వేం జెప్పకు. లాంపు మంచిగ జూసి ఇయ్యి, సాలు."

అంతే అన్నాడు. తువ్వాల దులుపుకొని వెళ్ళిపోయాడు. కాకరకాయలు వేయించి పెడితే మీ బావ రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు.

సోమవారం పొద్దున స్నానం చేసి, కర్ర తీసుకొని, నన్ను రావద్దని ఒక్కడే ఆఫీసుకు పోయి సంతకం పెట్టి వచ్చాడు. నిన్న మొదటి రోజు పని. కాబట్టి అన్నా, చెలక ఇంకెవరికైనా పాలుకు ఇచ్చెయ్యి. మా కోసం ఆపకు. ఆయన మళ్ళీ ఎన్నడూ అడగడని మాత్రం నేను రాసి ఇవ్వలేను. అడిగితే ముందు నాకు కార్డు వేయి.

ఆ పాట నిజమా అబద్ధమా అని పద్మ నన్ను అడిగింది. లేచి నడవమనడం నిజమే. చేతిలో ఏమీ లేనివాడే రాజు అనేది మాత్రం, చేతిలో ఏమీ లేనివాడు వచ్చి నాకు చెప్తే అప్పుడు వింటానని చెప్పాను. రికార్డరు డాక్టరుకు తిరిగి ఇచ్చేయమంటే మీ బావ ఇంకో వారం ఉంచమన్నాడు. ఉంచనీ.

అవ్వ పాదాలకు నా దండాలు చెప్పు. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు. కూర మాడిన వరుస మాత్రం వదిలెయ్యి. వదినకు, ఊళ్ళో నన్ను అడిగిన పెద్దలందరికీ నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మీ బావ మీద కోపం పెట్టుకోవద్దు. ఆయన్ను, మమ్మల్ని చల్లగా ఉండమని అవ్వ చేత ఒక మాట అనిపించు. ఆమె ఇక్కడ లేకపోయినా ఆ మాట మాకు తగులుతుంది.

నిన్న షిఫ్టు దిగి వచ్చాక ఎలా ఉందని అడగడానికి నాకు భయం వేసింది. అడగకుండానే గడపలో చెప్పులు విడుస్తూ ఆయనే చెప్పాడు. "ఎవ్వడు నా కాలు దిక్కు చూడలే సుగుణా. అందరు లాంపు దిక్కే చూసిన్రు."

నీ క్షేమం కోరే చెల్లెలు,
సుగుణ